బంతి తన్నేటోనికీ అకామా ఉంటది

(పోయిన శుక్రవారం అసర్ తర్వాత క్యాంపు మెస్‌లో జరిగిన మీటింగ్‌లో మన గ్రూపు వాలంటీర్ అన్న చెప్పిన మాటలు ఇవి. డ్యూటీలో ఉండి రాలేకపోయినవాళ్లు అడిగారు కాబట్టి రాసి పెడుతున్నాం. కొంచెం పెద్దగా ఉంది, తీరిక దొరికినప్పుడు చదవండి. చదువు రాని అన్నలకు పక్క బెడ్డు వాళ్లు చదివి వినిపించండి.)



వారానికి ఒక్క సెలవు దొరుకుతుంది. బట్టలు ఉతుక్కోవాలి, ఇంటికి ఫోన్ చేసుకోవాలి, కూర వండుకోవాలి. అవన్నీ పక్కన పెట్టి వచ్చారు కాబట్టి మీ టైం ఖరాబు చేయను. ఈరోజు ఫుట్‌బాల్ గురించి మాట్లాడతాను. "ఇదేంది అన్నా, జీతాల ముచ్చట చెప్తావనుకుంటే బంతాట చెప్తున్నవ్" అనుకోకండి. చివరికి వచ్చేది జీతం ముచ్చటకే.

నిన్న రాత్రి టీవీ ముందు ఎంత గోల చేశారో నేను విన్నాను. ఈ దేశంలో ఫుట్‌బాల్ అంటే మనకు మొదట గుర్తొచ్చేది రొనాల్డో. 2022 డిసెంబరు ఆఖరున రియాద్‌లోని అల్-నస్ర్‌లో చేరాడు. 2034 వరల్డ్ కప్ సౌదీలోనే అని 2024 డిసెంబరులో ఫిఫా ప్రకటించింది. ఖోబర్‌లో లేస్తున్న కొత్త స్టేడియం పక్క నుంచి మనలో చాలామంది బస్సులో పోతూనే ఉంటారు.

అయితే నేను చెప్పేది రొనాల్డో గురించి కాదు. పెద్ద లీగు కింద ఇంకో లీగు ఉంటుంది, దాని కింద ఇంకోటి. హాయిల్‌లో, నజ్రాన్‌లో, మదీనాలో, అల్-అహ్సాలో చిన్న క్లబ్బులు ఉన్నాయి. వాటిల్లో ఆఫ్రికా నుంచి, బ్రెజిల్ నుంచి, ట్యునీషియా లాంటి అరబ్ దేశాల నుంచి వచ్చినవాళ్లు ఆడుతుంటారు. ఒక ఏడాది ఇక్కడ, ఇంకో ఏడాది ఇంకో దేశంలో. ఎక్కడ కాంట్రాక్టు దొరికితే అక్కడికి సంచి సర్దుకుని పోతారు. మోకాలు పోతే పని పోతుంది. ముప్పై ఐదేళ్లు వచ్చేసరికి ఎవరూ పిలవరు. ఇంటి దగ్గర మాత్రం "మావాడు విదేశంలో ఆడుతున్నాడు" అని గొప్పగా చెప్పుకుంటారు. వాళ్లకూ అకామా ఉంటుంది, కఫీల్ ఉంటాడు. ఈ బతుకు ఎవరి బతుకులా ఉందో నేను చెప్పాల్సిన పని లేదు.

ఆట కోసం వలస పోవడం మనవాళ్లకూ కొత్త కాదు. ఒకప్పుడు ఇండియా ఫుట్‌బాల్ అంటే హైదరాబాద్. కోచ్ ఎస్.ఎ. రహీం మన హైదరాబాద్ వారే. ఆయన చేతి కింద ఇండియా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం గెలిచింది. ఆ రెండు జట్లలోనూ ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ కుర్రాడు. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు పోయాడు. ఆట అయిపోయాక కూడా అక్కడే ఉండిపోయాడు, 2023లో అక్కడే కన్నుమూశాడు. పని ఉన్న చోటే మనిషి ఉండిపోతాడు.

ఇప్పుడు అసలు కథకు వస్తాను. ఇది సౌదీలో జరిగింది కాదు, పక్కనే ఉన్న ఖతర్‌లో జరిగింది. కానీ అప్పటి రూలు రెండు దేశాల్లోనూ ఇంచుమించు ఒక్కటే.

ఆయన పేరు జహీర్ బెలూనిస్. అల్జీరియా మూలాలున్న ఫ్రాన్స్ మనిషి, 1980లో పుట్టాడు. పేరున్న స్టార్ కాదు. యూరప్‌లో చిన్న క్లబ్బుల్లో ఆడాడు, మలేసియా పోయి ఆడాడు. 2007లో దోహా వచ్చాడు. చేరింది రెండో డివిజన్‌లో ఉన్న మిలిటరీ వాళ్ల క్లబ్బులో. దానికే తర్వాత అల్-జైష్ అని పేరు వచ్చింది. ఇరవై ఏడేళ్ల వయసులో, కింది లీగులో, తెలియని దేశంలో మొదలుపెట్టి కెప్టెన్ అయ్యాడు. 2010లో ఐదేళ్ల కాంట్రాక్టు రాసుకున్నాడు, అంటే 2015 దాకా. 2011లో ఆ క్లబ్బు పై డివిజన్‌కు ఎక్కింది.

క్లబ్బు పైకి పోయింది గదా, కెప్టెన్‌కు మంచి రోజులు వస్తాయనుకుంటాం. అట్ల కాలేదు. పై లీగుకు పేరున్న విదేశీ ఆటగాళ్లను తెచ్చుకున్నారు. ఈయనను మళ్లీ రెండో డివిజన్‌లోని అల్-మర్ఖియాకు అప్పుగా పంపారు. బిల్డింగ్ లేపిన మేస్త్రీని పక్కన పెట్టి, రిబ్బన్ కత్తిరించే రోజుకు కొత్త మేనేజర్‌ను తెచ్చుకున్నట్టు. తనకు రావాల్సిన జీతం రావడం లేదని ఆయన దోహాలో కోర్టుకు పోయాడు.

అక్కడ అసలు చిక్కు వచ్చింది. ఆ రోజుల్లో ఖతర్ దాటి పోవాలంటే కఫీల్ ఎగ్జిట్ పర్మిట్ ఇవ్వాలి. ఆయన కఫీల్ ఎవరు? క్లబ్బే. ఎవరి మీద కేసు వేశాడో వాళ్లే సంతకం పెడితేగాని విమానం ఎక్కలేడు. చేతిలో ఫ్రాన్స్ పాస్‌పోర్టు ఉంది. భార్య, ఇద్దరు చిన్న ఆడపిల్లలు పక్కన ఉన్నారు. కాంట్రాక్టు కాగితం ఉంది. అయినా ఏడాదికి పైగా దోహాలోనే ఇరుక్కుపోయాడు. ఇంటి సామాను అమ్ముకున్నానని ఆయనే పేపర్ల వాళ్లకు చెప్పాడు. మనసు కుంగిపోయి ఎంత దూరం ఆలోచించాడో కూడా దాచుకోలేదు.

ఆయన చేసిన పని ఏమిటంటే, నోరు మూసుకుని కూర్చోలేదు. ఆటగాళ్ల యూనియన్‌కు చెప్పాడు. వాళ్ల ఎంబసీకి చెప్పాడు. విలేకర్లకు చెప్పాడు. 2013 జూన్‌లో ఫ్రాన్స్ అధ్యక్షుడు హొలాండ్ దోహా వస్తే ఆయనను కలిశాడు. ఆ నవంబరులో జిదాన్‌కు, గ్వార్డియోలాకు బహిరంగ లేఖ రాశాడు. వాళ్లిద్దరూ ఖతర్ వరల్డ్ కప్‌కు ప్రచారం చేసిన పెద్ద మనుషులు. నవంబరు ఆఖరుకు ఎగ్జిట్ దొరికింది, పెళ్లాం పిల్లలతో ఇల్లు చేరాడు.

ఆ తర్వాత కూడా ఆ రూలు ఐదేళ్లు నడిచింది. 2018లో ఖతర్ చాలామంది కార్మికులకు ఎగ్జిట్ పర్మిట్ తీసేసింది. 2020లో ఇంటి పనివాళ్లకు కూడా తీసేసింది. బెలూనిస్ ఒక్కడి వల్లే అది జరిగిందని నేను చెప్పను. ఆయన వెనుక లక్షల మంది మనలాంటి వాళ్ల గోస ఉంది. కానీ కెప్టెన్‌ను కూడా ఒక సంతకం ఆపగలదని లోకానికి తెలిసింది ఆయన వల్ల.

యూరప్‌లోనూ ఇలాంటి కథ ఒకటి ఉంది. బెల్జియం ఆటగాడు జాన్-మార్క్ బోస్మాన్. 1990లో ఆయన కాంట్రాక్టు అయిపోయింది. పాత క్లబ్బు జీతం నాలుగో వంతుకు దించుతానంది. ఫ్రాన్స్‌లో రెండో డివిజన్ క్లబ్బు డంకెర్క్ పనిస్తానంది. పాత క్లబ్బు డబ్బు అడిగింది, వదలలేదు. మన భాషలో చెప్పాలంటే తనాజుల్ ఇవ్వలేదు. కాంట్రాక్టు అయిపోయాక కూడా! ఆయన ఐదేళ్లు కోర్టులో కొట్లాడాడు. 1995 డిసెంబరు 15న యూరప్ కోర్టు తీర్పు ఇచ్చింది, కాంట్రాక్టు అయిపోయిన ఆటగాడు ఫీజు లేకుండా యూరప్‌లో ఇంకో దేశం క్లబ్బుకు పోవచ్చని. దాని వల్ల తర్వాత వచ్చిన ఆటగాళ్లు కోట్లు సంపాదించారు. బోస్మాన్ మాత్రం ఆ ఐదేళ్లలో ఆట పోగొట్టుకుని, తర్వాత చాలా కష్టాలు పడ్డాడు. ఒంటరిగా కొట్లాడితే గెలిచినా మనిషి నలిగిపోతాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు నా సంగతి చెప్తాను. ఇది చాలామందికి తెలియదు.

2011లో నేను పనిచేసిన కంపెనీ ప్రాజెక్టు మూసేసింది. నా జీతం 1,200 రియాళ్లు. ఏడేళ్ల సర్వీసు. మూడు నెలల జీతం బాకీ. ఒకరోజు ఆఫీసుకు పిలిచి అరబీలో రాసిన కాగితం ముందు పెట్టారు. "ఏముంది ఇందులో?" అన్నాను. "ఏం లేదు, టికెట్ ముట్టినట్టు" అన్నారు. ఇంటి దగ్గర అమ్మకు బాగలేదు, నాకు టికెట్టే కనబడింది. సంతకం పెట్టి వేలిముద్ర కూడా వేశాను. ఊరికి వచ్చాక చదివించుకుంటే అందులో ఉన్నది ఇది: "నా జీతం, సర్వీసు డబ్బు, హక్కులన్నీ పూర్తిగా ముట్టినవి, ఇక ఏ దావా లేదు."

లెక్క చేసి చూపిస్తాను. చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం, అంటే 600 చొప్పున 3,000. తర్వాత రెండేళ్లకు ఏడాదికి పూర్తి నెల జీతం, 2,400. మొత్తం 5,400. బాకీ జీతం 3,600. రెండూ కలిపితే 9,000 రియాళ్లు. అప్పటి రేటుకు లక్ష రూపాయల పైమాటే. ఒక్క సంతకానికి పోయింది. ఆ సంగతి మా ఇంట్లో పదేళ్లు చెప్పలేదు. సిగ్గు అనిపించింది.

ఈరోజు ఎందుకు చెప్తున్నానంటే, బుధవారం రాత్రి మన క్యాంపులో ఒక తమ్ముడు నా దగ్గరికి వచ్చాడు. పేరు చెప్పను. జీతం 1,400. ఆరేళ్ల సర్వీసు, నాలుగు నెలల జీతం బాకీ. అచ్చం అలాంటి కాగితమే ఇచ్చారు. "సంతకం పెడితే ఆదివారం టికెట్ ఇస్తరంట అన్నా. చెల్లె పెండ్లి ఉన్నది. ఏం చేయాల్నో సమజైతలేదు" అన్నాడు. పైన ఇంకో కాగితం కూడా ఉంది, రాజీనామా. కంపెనీ పనిలోంచి తీస్తే ఆయనకు సర్వీసు డబ్బు 4,900 రావాలి. తనంతట తానే మానేస్తున్నానని రాసిస్తే, ఐదు నుంచి పదేళ్ల లోపు సర్వీసుకు అందులో మూడింట రెండు వంతులే. ఇక "అన్నీ ముట్టినవి" అని రాసిస్తే బాకీ జీతం 5,600 కూడా గాలికి పోయినట్టే.

బెలూనిస్ కథ ఆ తమ్ముడి కోసమే వెతికి పెట్టుకున్నాను. ఆయనకూ పిల్లలు ఉన్నారు, ఇంటికి పోవాలన్న ఆత్రం ఉంది.

కానీ మనకు, ఆయనకు ఒక తేడా ఉంది. బెలూనిస్‌ను ఆపిన సంతకం ఇప్పుడు మనలో చాలామందికి అవసరం లేదు. 2021 మార్చి 14 నుంచి సౌదీలో రూలు మారింది. ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవాళ్లు ఎగ్జిట్-రీఎంట్రీ గానీ, ఫైనల్ ఎగ్జిట్ గానీ అబ్షర్‌లో తామే పెట్టుకోవచ్చు, కంపెనీకి మెసేజ్ మాత్రం పోతుంది. ఏడాది పని చేశాక, నోటీసు ఇచ్చి, కివా ద్వారా ఇంకో కంపెనీకి మారవచ్చు. వరసగా మూడు నెలలు జీతం ఇవ్వకపోతే పాత కంపెనీ ఒప్పుకోకపోయినా మారవచ్చు. ఆటగాళ్లకు కూడా ఫిఫా 2018లో ఇలాంటి రూలే పెట్టింది. రెండు నెలల జీతం ఆపితే, ఆటగాడు పదిహేను రోజుల గడువిచ్చి నోటీసు పంపి, అప్పటికీ ఇవ్వకపోతే కాంట్రాక్టు తెంచుకోవచ్చు.

అయితే ఇంటి డ్రైవర్లు, ఇంటి పనివాళ్లు, తోట పనివాళ్లు, వ్యవసాయం చేసేవాళ్లు, గొర్రెలు ఒంటెలు కాసేవాళ్లు 2021 మార్పులో లేరు. మన గ్రూపులో వాళ్లు తక్కువేం లేరు. ఎడారిలో ఒక్కడే ఉండే మనిషికి ఈ మీటింగ్ కూడా అందదు. మీ ఊరివాడు ఎవరైనా అట్ల ఉంటే, వారానికి ఒకసారి ఫోన్ చేయడం మీ పని అనుకోండి.

ఇక చేయాల్సినవి చెప్తాను. రాసుకోండి, ఫోటో తీసుకోండి.

ఒకటి. చదవని కాగితం మీద సంతకం వద్దు. "రేపు చెప్తాను" అనండి, ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. అరబీ చదివేవాళ్లు మనలో ఉన్నారు. ఉద్యోగంలో ఉండగా హక్కులు వదులుకున్నట్టు రాయించుకున్నా అది చెల్లదని లేబర్ చట్టం 8వ ఆర్టికల్ చెప్తుంది. కానీ "ముట్టింది" అని సంతకం పెడితే, ముట్టలేదని రుజువు చేసేసరికి మన తల ప్రాణం తోకకు వస్తుంది.

రెండు. కాంట్రాక్టు కివాలో ఉందో లేదో చూసుకోండి. జీతం ఎంత రాశారో చూడండి. ఊర్లో ఏజెంటు చెప్పింది కాదు, అందులో ఉన్నదే లెక్క. కాంట్రాక్టు, అకామా, పాస్‌పోర్టు, బ్యాంకు మెసేజ్‌లు, డ్యూటీ టైం కాగితాలు ఫోటో తీసి ఇంటికి కూడా పంపి పెట్టండి. ఫోన్ పోయినా కాగితం పోదు. పాస్‌పోర్టు మన దగ్గరే ఉండాలి, కంపెనీ దాచుకోకూడదు.

మూడు. జీతం ఆగితే పారిపోవద్దు. ఖల్లివల్లి అయితే హురూబ్ పడుతుంది, న్యాయం మన వైపు ఉన్నా మనమే దొంగల్లాగ తిరగాల్సి వస్తుంది. బెలూనిస్ పారిపోలేదు, కేసు వేశాడు.

నాలుగు. కంప్లైంట్ లేబర్ మినిస్ట్రీకి ఇవ్వాలి. నంబరు 19911. ఆన్‌లైన్‌లో కూడా ఇవ్వవచ్చు. మొదట రాజీకి పిలుస్తారు, దానికి 21 రోజుల గడువు. అక్కడ కుదరకపోతే కేసు లేబర్ కోర్టుకు పోతుంది. పని అయిపోయిన రోజు నుంచి 12 నెలల లోపే దావా వేయాలి. నేను ఊరికి వచ్చి కూర్చుని ఆ గడువు దాటేసుకున్నాను, మీరు దాటించుకోవద్దు. కంపెనీ తీసేస్తే వారంలో, మనం మానేస్తే రెండు వారాల్లో లెక్క తేల్చి డబ్బు ఇవ్వాలని చట్టంలో ఉంది.

ఐదు. రియాద్‌లో మన ఎంబసీ ఉంది, జెద్దాలో కాన్సులేట్ ఉంది. మదద్ పోర్టల్‌లో రాస్తే కంప్లైంట్‌కు నంబరు వస్తుంది. ఆ నంబరు దాచుకోండి. నోటి మాట గాలికి పోతుంది, నంబరు ఉంటే మళ్లీ అడగవచ్చు.

ఇంకొక్క మాట, ఇది మనసు సంగతి. బెలూనిస్ తన బాధను బయటికి చెప్పాడని అన్నాను గదా. అంత దిట్టమైన ఆటగాడు నేను తట్టుకోలేకపోతున్నానని చెప్పాడు. మనం చెప్పం. "ఎట్లున్నవ్ రా" అంటే "మంచిగనే ఉన్న" అంటాం. మీ రూములో ఎవరైనా అన్నం సరిగా తినకపోతే, ఇంటి ఫోన్ ఎత్తకపోతే, రాత్రంతా మేలుకుని గోడ చూస్తూ ఉంటే, వదిలేయకండి. పక్కన కూర్చోండి. ఒంటరిగా ఉండనివ్వకండి. ఎంత రాత్రయినా మా నలుగురిలో ఎవరికైనా ఫోన్ చేయండి. అప్పుల ముచ్చట, జీతం ముచ్చట తెల్లారి చూసుకోవచ్చు. మనిషి ఉంటే అన్నీ చూసుకోవచ్చు.

బెలూనిస్‌కు అధ్యక్షుడు దొరికాడు, టీవీలు దొరికాయి. మనకు దొరకవు. మన కోసం ఎవరూ జిదాన్‌కు లేఖ రాయరు. కానీ బోస్మాన్ లాగ ఒంటరిగా నలిగిపోవాల్సిన అవసరం కూడా లేదు. ఈ గ్రూపులో జగిత్యాల వాళ్లు ఉన్నారు, సిరిసిల్ల, నిజామాబాద్ వాళ్లు ఉన్నారు, కడప, కోనసీమ వాళ్లు ఉన్నారు. ఒకరికి అరబీ వస్తుంది, ఒకరికి కంప్యూటర్ వస్తుంది, ఒకరికి లేబర్ ఆఫీసు దారి తెలుసు. నాకు ఏం వచ్చు? నాకు 9,000 రియాళ్లు పోగొట్టుకున్న అనుభవం ఉంది. అది కూడా పనికొస్తుందని ఈరోజే తెలిసింది.

ఆ తమ్ముడు ఇప్పటిదాకా సంతకం పెట్టలేదు. ఈ రాత్రి ఇద్దరం కూర్చుని ఆయన కాగితాలు సర్ది కంప్లైంట్ పెడతాం. ఆదివారం ఆఫీసుకు పిలిస్తే ఒక్కడే పోడు, నేనూ, అరబీ వచ్చిన ఇంకో అన్నా తోడు పోతాం. చెల్లె పెండ్లికి ఇంకా ఐదు వారాలు ఉంది. టికెట్ డబ్బుకు ఇబ్బంది అయితే మనమే తలా కొంత వేసుకుందాం, తర్వాత ఆయన తిరిగి ఇస్తాడు.

ఇదే అడగడానికి మిమ్మల్ని పిలిచింది. వేసుకునేవాళ్లు చేతులు ఎత్తండి.

(ఆ రోజు మెస్‌లో ఉన్న 34 మందిలో 31 మంది చేతులెత్తారు. మిగిలిన ముగ్గురు మరుసటి రోజు వచ్చి ఇస్తామన్నారు. ఇలాంటి కాగితం మీకు ఎవరైనా ఇస్తే, సంతకానికి ముందు ఫోటో గ్రూపులో పెట్టండి. ఈ మెసేజ్‌ను మీ క్యాంపు గ్రూపుల్లోకి పంపండి.)